లష్కర్‌లో క్రిస్మస్: గోడవార కుర్చీలో తల్లి

సికిందరాబాదు దండులో, దాని పక్కనే ఉన్న రైల్వే కాలనీల్లో జరిగే క్రిస్మస్ డ్యాన్సుల్లో హాలు గోడల వెంబడి వేసిన కుర్చీలు తల్లులవి. పెళ్ళికాని కూతురు డ్యాన్సుకు ఒంటరిగా రాదు. తల్లి వస్తుంది, తల్లికి వీలుకాకపోతే పిన్నో మేనత్తో వస్తుంది. బ్యాండు ఒక పాట ముగించగానే పిల్ల తిరిగి వాళ్ళమ్మ కుర్చీ దగ్గరికి రావాలి. ఆమెను అక్కడిదాకా తెచ్చి దింపి, తల్లికి తల వంచి, థాంక్యూ చెప్పి వెళ్ళడం అబ్బాయి మర్యాద. ఆ అబ్బాయి రైల్వే ఫైర్‌మన్ అయితే తల్లికి అతని ఇల్లూ వాకిలీ, తాతా ముత్తాతా అన్నీ తెలుసు. యూనిఫాంలో ఉన్న తెల్ల సోల్జరు అయితే అతని పేరు తప్ప మరేమీ తెలియదు. పందొమ్మిదో శతాబ్దం చివరినుంచి 1947 దాకా లష్కర్ ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో తల్లీకూతుళ్ళ మధ్య నడిచిన పేచీ అంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది.

సికిందరాబాదుకు వాడుక పేరు లష్కర్, లష్కర్ అంటేనే సైన్యం. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం హుసేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ పటాలాలు దిగాయి. ఆ విడిదికి 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద సికిందరాబాదు అని పేరు వచ్చింది. క్రమంగా దండు తిరుమలగిరి, బొల్లారం వైపు పాకింది. 1857 తిరుగుబాటు తర్వాత తిరుమలగిరిలో కందకంతో కూడిన రక్షణ శిబిరం కట్టారు. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు రైలు వచ్చింది, 1893లో లాలాగూడ రైల్వే వర్క్‌షాపు మొదలైంది. దీంతో నాలుగైదు మైళ్ళ దూరంలో రెండు వేరువేరు జనాలు స్థిరపడ్డారు. బ్యారక్‌లలో పెళ్ళికాని పడుచు సోల్జర్లు, రైల్వే క్వార్టర్లలో డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మెన్‌లుగా పనిచేసే ఆంగ్లో ఇండియన్లు, వాళ్ళ కూతుళ్ళు. కాజీపేట, బెజవాడ, గుంతకల్లు, వాల్తేరు వంటి రైలు ఊళ్ళలోనూ ఇలాంటి కాలనీలు ఉండేవి. లష్కర్‌లో అదనంగా ఉన్నది దండు.

ఈ ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పుట్టుకలోనే ఒక తెల్ల సోల్జరు, ఒక భారతీయ తల్లి ఉన్నారు. 1687లో కంపెనీ డైరెక్టర్లు లండన్ నుంచి మద్రాసు సెయింట్ జార్జి కోటకు ఒక ఉత్తరం రాశారు. కోటలోని సోల్జర్లు స్థానిక స్త్రీలను పెళ్ళాడేలా ప్రోత్సహించాలనీ, అలా పుట్టిన ప్రతి బిడ్డకు బాప్తిస్మం ఇచ్చిన రోజున తల్లికి ఒక వరహా చెల్లించాలనీ అందులోని ఆదేశం. పోర్చుగీసు వాళ్ళ క్యాథలిక్ కుటుంబాల్లోకి తమ సోల్జర్లు జారిపోకుండా చూసుకోవాలన్నది ఒక లెక్క. పరాయి గడ్డమీద తమకు విధేయంగా ఉండే జనాన్ని పెంచుకోవాలన్నది మరో లెక్క. పెళ్ళిని ఖర్చు పద్దులో రాసుకున్న వ్యాపార సంస్థ, ఆ పద్దు భారం అనిపించిన రోజున దాన్ని కొట్టేయడానికీ వెనకాడదు.

నూరేళ్ళకు అదే జరిగింది. 1786లో సోల్జర్ల, ఆఫీసర్ల మిశ్రమ సంతానంలోని అనాథలు పై చదువులకు ఇంగ్లండు వెళ్ళడాన్ని ఆపేశారు. 1791లో భారతీయ తల్లికి పుట్టిన కొడుకులకు కంపెనీ కొలువులు మూసేశారు. 1795లో, తల్లీ తండ్రీ ఇద్దరూ యూరోపియన్లు కానివాళ్ళు సైన్యంలో బాజాలు వాయించేవాళ్ళుగా, గుర్రాలకు లాడాలు కొట్టేవాళ్ళుగా తప్ప పనికిరారని తేల్చారు. మద్రాసులో 1787లో ఆడపిల్లలకు, 1789లో మగపిల్లలకు సైనిక అనాథాశ్రమాలు పెట్టారు. ఆ ఆశ్రమాల్లో అనాథ అనే మాటకు ఒక వింత అర్థం ఉండేది. తండ్రి చనిపోయినా, పటాలంతో వెళ్ళిపోయినా బిడ్డ అనాథే. తల్లి బతికి ఉండడం లెక్కలోకి రాదు. తర్వాతి తరాల తల్లుల భయం ఈ చరిత్ర నుంచి వచ్చిందే.

హైదరాబాదు చరిత్రలో సోల్జరుతో జరిగిన అన్ని పెళ్ళిళ్ళలోకీ పేరుపొందినది మాత్రం ఇందుకు అడ్డం తిరిగిన కథ. కంపెనీ సైన్యంలో ఆఫీసరుగా ఉండి, తర్వాత నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటు అయిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్‌కు 1800 చివర్లో ఖైరున్నీసాతో ముస్లిం పద్ధతిలో నిఖా జరిగింది. ఆమెది సయ్యద్ వంశం, ఆమెకు అప్పటికే మరొకరితో నిశ్చితార్థం అయింది. తాత బాకర్ అలీఖాన్‌కు ఇష్టం లేదు. ఆ పెళ్ళికి దారి ఇచ్చినది వితంతువైన తల్లి షరఫున్నీసా, అమ్మమ్మ దుర్దానా బేగం. పెళ్ళికూతురు నేటి లెక్కలో బాలిక, కనుక దీన్ని పాతకాలపు ప్రేమకథగా మాత్రమే మురిపెంగా చెప్పుకోవడం సబబు కాదు. ఎవరి ఇంటికి పంపితే బిడ్డ సుఖపడుతుందన్న నిర్ణయం పెద్దలదైన కాలం అది, ఆ నిర్ణయాన్ని ఇక్కడ మగవాళ్ళ చేతుల్లోంచి తల్లి లాక్కుంది. దాని ఫలితం కూడా ఆమే మోసింది. ఆ దంపతుల ఇద్దరు పిల్లలను 1805లో ఇంగ్లండుకు ఓడ ఎక్కించారు, అదే ఏడు అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. కూతురి వెంట తల్లి కలకత్తా వెళ్ళింది, హైదరాబాదుకు రానివ్వనప్పుడు మచిలీపట్నంలో కూతురితో తలదాచుకుంది. 1813లో ఖైరున్నీసా చనిపోయింది. మనవరాలు కిట్టీ ఇంగ్లండు నుంచి అమ్మమ్మకు ఉత్తరాలు రాయగలిగే సరికి 1841 వచ్చింది. 1847లో షరఫున్నీసా కన్నుమూసేదాకా ఆ ఇద్దరూ ఒకరినొకరు మళ్ళీ చూడలేదు.

అది రెసిడెంటు సంగతి. మామూలు సోల్జరుకు పెళ్ళి అనేది సొంత వ్యవహారం కాదు. కమాండింగ్ ఆఫీసరు అనుమతి కావాలి, ఆ అనుమతి పటాలంలో కొద్దిమందికే దక్కేది. అనుమతితో చేసుకున్న పెళ్ళి పటాలం రిజిస్టరుకు ఎక్కుతుంది. అప్పుడే భార్యకు క్వార్టరు, రేషను, పటాలం కదిలినప్పుడు ఓడలో చోటు. అనుమతి లేకుండా చర్చిలో చేసుకున్న పెళ్ళి దేవుడి ముందు చెల్లుతుంది, చట్టం ముందు చెల్లుతుంది, క్వార్టర్‌మాస్టరు ముందు మాత్రం చెల్లదు. పటాలం మరో ఊరికి, మరో దేశానికి కదిలితే ఆ భార్య తన ఖర్చుతో వెంట వెళ్ళాలి, లేదా పుట్టింట్లో ఉండిపోవాలి. పైగా 1870లో కార్డ్‌వెల్ సంస్కరణలతో స్వల్పకాల సర్వీసు వచ్చింది. సోల్జరు ఆరేళ్ళు పటాలంలో, మరో ఆరేళ్ళు రిజర్వులో ఉంటే సరిపోతుంది. దాంతో బ్యారక్‌లు ఇరవై దాటిన పడుచువాళ్ళతో నిండాయి. వాళ్ళు ఉండేది కొన్నాళ్ళే, వెళ్ళేది మాత్రం ఖాయం.

క్రిస్మస్ ఈ భయానికి పరాకాష్ఠ కావడానికి కారణం ఓడల క్యాలెండరు. ఎర్రసముద్రపు ఎండల్లో సైనికులను తరలించడం కష్టం కనుక పటాలాలను మోసే ఓడలు శరత్కాలం నుంచి మార్చి వరకే ఎక్కువగా నడిచేవి. డిసెంబరు సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. క్రిస్మస్ రాత్రి డ్యాన్సు చేసిన అబ్బాయికి సంక్రాంతి వెళ్ళేలోపు బొంబాయి బండి ఎక్కమని ఆర్డరు రావచ్చు. ఇంకోవైపు ఏడాది మొత్తంలో బ్యారక్ గోడలు కాస్త సడలేది కూడా అప్పుడే. హిందుస్తానీలో బడా దిన్ అనే ఆ రోజు తెల్లవారకముందే ఆఫీసర్లు, సార్జెంట్లు రమ్ము కలిపిన టీని స్వయంగా సోల్జర్ల మంచాల దగ్గరికి తెచ్చిపోసేవారు. మధ్యాహ్నం భోజనం వడ్డించేదీ ఆఫీసర్లే. ఏడాదికి ఒక్కపూట తలకిందులయ్యే ఈ ఆచారం బ్రిటిష్ సైన్యంలో నేటికీ ఉంది. చర్చి పరేడ్ అయిపోయాక సాయంత్రానికి సోల్జరుకు జేబులో కొంత డబ్బు, గుండెల్లో కొంత ఇంటి బెంగ. ఆ రెంటితో అతను రైల్వే ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కేవాడు.

ఇన్‌స్టిట్యూట్ అంటే రైల్వే ఉద్యోగుల క్లబ్బు. బిలియర్డ్స్ బల్ల, గ్రంథాలయం, బార్, వీటన్నిటికంటే ముఖ్యంగా చెక్క పరిచిన డ్యాన్సు హాలు. బూట్లు జారడానికి ఆ చెక్క మీద ముందురోజే పౌడరు చల్లి పాలిష్ పట్టేవారు. అమ్మాయి చేతికి ప్రోగ్రాం కార్డు ఇచ్చే అలవాటు ఉన్నన్నాళ్ళు ఆ కార్డే తల్లికి ఆధారం. వాల్ట్‌జ్, ఫాక్స్‌ట్రాట్ అంటూ వరుసగా అచ్చువేసిన పాటల పక్కన, దారంతో కట్టిన చిన్న పెన్సిలుతో అబ్బాయిలు పేర్లు రాసుకునేవారు. ఒకే పేరు రెండుసార్లు కనబడితే పరవాలేదు. మూడోసారి కనబడితే తల్లి ఆ పేరు ఎవరిదని పక్క కుర్చీని అడుగుతుంది. ఆఖరి వాల్ట్‌జ్ ఎదురుగా ఉన్న పేరును అందరూ చదివేవారు, ఎందుకంటే ఆఖరి వాల్ట్‌జ్ చేసినవాడే ఇంటిదాకా తోడు వస్తానని అడిగే రివాజు. ఆ ఒక్క పాట కోసం రైల్వే కుర్రాళ్ళకూ సోల్జర్లకూ మధ్య హాలు బయట చేతులు కలబడిన సందర్భాలూ ఉండేవి.

గోడవార కుర్చీలో కూర్చున్న తల్లి పని కేవలం చూడడం అనుకుంటే పొరపాటు. పక్క కుర్చీలోని స్త్రీ భర్త గార్డు. అతని బండి బెంగళూరు, బొంబాయి వైపు వెళ్ళివస్తుంది. ఫలానా పటాలం అంతకుముందు ఎక్కడ ఉండేదో, అక్కడ ఏ పిల్ల పేరు చెడిందో ఆ బండితోపాటే వార్త వస్తుంది. సోల్జరుకు ఊళ్ళో బంధువులు లేకపోవచ్చు, రైల్వే తల్లులకు మాత్రం ప్రతి జంక్షన్‌లోనూ ఒక చెల్లెలు ఉండేది.

తెలివైన తల్లి హాల్లో కాపలా కాయడంకంటే అబ్బాయిని ఇంటికి పిలవడమే మేలనుకునేది. అయినవాళ్ళకు దూరంగా ఉన్న సోల్జరును క్రిస్మస్ భోజనానికి పిలవడం క్రైస్తవ కుటుంబాల్లో పుణ్యకార్యం. అదే పెళ్ళిచూపులు కూడా, ఇక్కడ చూసేది మాత్రం పిల్లవాడిని. భోజనం ఏర్పాట్లు నెలల ముందే మొదలయ్యేవి. ఎండుద్రాక్ష, నారింజ తొక్కల మురబ్బా, జీడిపప్పు రమ్ములో నానబెట్టి జాడీలో మూతపెట్టేవారు. క్రిస్మస్ దగ్గర పడ్డాక ఆ పళ్ళను కలిపిన కేకు పిండిని పెద్ద ట్రేలో పోసి బేకరీకి పంపి కాల్పించి తెచ్చుకునేవారు. పిల్లలంతా చుట్టూ కూర్చుని పిండి ముద్దలను ఫోర్కు పళ్ళ మీద, దువ్వెన మీద ఒత్తి చుట్టి నూనెలో వేయించి పాకం పట్టే కల్‌కల్స్ మరేవో కాదు, తెలుగిళ్ళలో చేసే గవ్వలే. అచ్చును పిండిలో ముంచి వేయించే రోజ్ కుకీలు మన గులాబీ పువ్వులే. బల్లమీద పసుపు రంగు కొబ్బరిపాల అన్నం, కైమా ఉండల కూర. ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్రాడు మొదటి ముద్దకే కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఇల్లంతా నవ్వుతుంది. ఆ నవ్వుల మధ్యనే తల్లి ప్రశ్నలు అడుగుతుంది. ఏ ఊరు, ఏ చర్చి, నాన్న ఏం పని చేస్తాడు, ఇంకా ఎన్నాళ్ళ సర్వీసు ఉంది, జీతంలోంచి ఇంటికి ఎంత పంపుతాడు. ఎవరికి పంపుతాడన్నది ఆ ప్రశ్న లోపలి అసలు ప్రశ్న. ఇంగ్లండులో ఇదివరకే పెళ్ళాం ఉందా లేదా అని ముఖాన అడగలేని తల్లి మనియార్డర్ల గురించి అడిగేది.

ఇక్కడ చర్చి ఆమెకు పెద్ద అండ. అప్పటి రోమన్ క్యాథలిక్ నియమం ప్రకారం క్రిస్మస్‌కు నాలుగు ఆదివారాల ముందు మొదలయ్యే ఆగమన కాలంలోనూ, భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా ఉపవాస కాలంలోనూ ఆడంబరంగా పెళ్ళి జరపరాదు. అంటే డిసెంబరులో మనసు కలిసిన జంటకు పెళ్ళి గడువు క్రిస్మస్ దాటాక ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చే భస్మ బుధవారం లోపల. అది దాటితే ఈస్టరు తర్వాతే. ఆ కొద్ది వారాల్లోనే మూడు ఆదివారాలు చర్చిలో వాళ్ళ పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడగాలి. వరుడికి వేరే పెళ్ళి లేదని అతని సొంత ఊరి చర్చి నుంచి ఉత్తరం రావాలి. ఓడ ఉత్తరానికి పోనూ రానూ నెలల పని. ఆ ఉత్తరం వచ్చేదాకా ఫాదర్ ఒప్పుకోరని తల్లి నెమ్మదిగా చెప్పేది. వద్దని ఒక్కసారి కూడా అనకుండా ఏడాది గడిపేసిన తల్లికి చర్చి క్యాలెండరు ఎంత ఉపయోగపడిందో ఊహించుకోవచ్చు.

చట్టం మాత్రం తల్లిని చివరి వరుసలో కూర్చోబెట్టింది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండని వ్యక్తి, వితంతువో భార్య పోయినవాడో కాకపోతే, మైనరు. మైనరు పెళ్ళికి అంగీకారం ఇవ్వవలసింది తండ్రి. తండ్రి లేకపోతే చట్టబద్ధ సంరక్షకుడు. సంరక్షకుడు కూడా లేనప్పుడే తల్లి. ఆ అంగీకారం ఇచ్చే హక్కున్నవారు పెళ్ళి ఆపమని పాస్టరుకు రాతమూలకంగా నోటీసు ఇవ్వవచ్చు. పెళ్ళి ఉదయం ఆరుకూ సాయంత్రం ఏడుకూ మధ్యనే జరగాలనీ చట్టం చెప్పింది. గుట్టుగా చీకట్లో జరిగే పెళ్ళిళ్ళకు అదొక అడ్డుకట్ట. ఇంజను మీద వారంలో నాలుగు రాత్రులు గడిపే తండ్రి, కాగితం మీద సంతకం పెట్టేవాడే తప్ప ఆ సంతకం పెట్టాలా వద్దా అన్నది తేల్చేవాడు కాదు. చట్టంలో మూడో స్థానం, వంటింట్లో మొదటి స్థానం.

తల్లుల కాపలా అంతా బిడ్డ మేలు కోసమే అనడం కూడా పూర్తి నిజం కాదు. జీతం లెక్కన చూస్తే రైల్వే డ్రైవరు ముందు మామూలు సోల్జరు నిలవడు. డ్రైవరుకు క్వార్టరు, పాసు, ప్రావిడెంటు ఫండు ఉన్నాయి. అయినా సోల్జరు ఒంటి రంగుకు ఒక విలువ ఉండేది. ఎన్నడూ చూడని ఇంగ్లండును హోమ్ అని పిలుచుకునే ఇళ్ళలో, కూతురిని ఓడ ఎక్కించగల అల్లుడి కోసం కళ్ళు కాయలు కాచేలా చూసిన తల్లులూ ఉన్నారు. ఒకే తల్లి పెద్దకూతురి విషయంలో సోల్జరును గుమ్మంలోంచే పంపి, చిన్నకూతురి విషయంలో చేతులు చాచి పిలిచి ఉండవచ్చు. చట్టం కూడా ఈ ఆశకు తోడైంది. ఆంగ్లో ఇండియన్ అనే గుర్తింపు తండ్రి వంశం నుంచే వస్తుందని 1935 నాటి చట్టం నిర్వచించింది, మన రాజ్యాంగం 366వ అధికరణం అదే నిర్వచనాన్ని తీసుకుంది. తల్లి వైపు నుంచి ఆ గుర్తింపు రాదు. కనుక కూతురు ఎవరిని పెళ్ళాడుతుందన్నది మనవల జాతి పేరును కూడా నిర్ణయించే విషయం అయింది.

ఇదంతా మామూలు సోల్జర్ల, రైల్వే ఉద్యోగుల లోకం. ఆఫీసర్ల క్రిస్మస్ వేరే మెట్టు మీద జరిగేది. వాళ్ళకు మెస్‌లు, క్లబ్బులు, రెసిడెన్సీ బాల్‌రూమ్, నవాబుల విందులు. పంజాగుట్ట దగ్గర నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రం మంజిల్ ఆ విందులకు పేరుమోసిన మేడ. దాని చుట్టూ పోలో మైదానం, గోల్ఫ్ కోర్సు ఉండేవి. ఆ మెట్టు మీద కూడా చలికాలమే ప్రేమల కాలం. 1896 నవంబరులో బెంగళూరు నుంచి పోలో ఆడటానికి సికిందరాబాదు వచ్చిన ఇరవై ఒక్కేళ్ళ లెఫ్టినెంటు విన్‌స్టన్ చర్చిల్, హైదరాబాదు రెసిడెంటు ట్రెవర్ ప్లౌడెన్ కూతురు పమేలాను చూసి మనసు పారేసుకున్నాడు. ఇద్దరూ ఏనుగు ఎక్కి నగరం చూశారు. ఇంత అందగత్తెను ఎన్నడూ చూడలేదని అతను ఉత్తరం రాసింది తన తల్లికే. డబ్బులేని కుర్ర ఆఫీసరుకు రెసిడెంటు కూతురు దక్కలేదు. 1902లో ఆమె లిట్టన్ ప్రభువును పెళ్ళాడింది. జీవితాంతం చర్చిల్‌కు స్నేహితురాలిగానే ఉంది. సోల్జరుకు ఆస్తీ, భవిష్యత్తూ లేవన్న లాలాగూడ తల్లి లెక్కే రెసిడెన్సీలోనూ పనిచేసింది, భాష మాత్రం మర్యాదగా ఉంది.

1939లో మొదలైన యుద్ధం గోడవార కుర్చీలను ఖాళీ చేయించింది. దండులోకి ఒక్కసారిగా వేలమంది సైనికులు వచ్చారు. 1942లో భారత మహిళా సహాయక దళం ఏర్పడ్డాక ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలు పెద్దసంఖ్యలో చేరి, ఖాకీ వేసుకుని టెలిఫోను ఎక్స్‌ఛేంజీల్లో, ఆఫీసుల్లో, లెక్కల విభాగాల్లో పనిచేశారు. పగలంతా అదే సోల్జర్లతో కలిసి పనిచేసే కూతురిని రాత్రి డ్యాన్సులో కుర్చీ దగ్గరికి రమ్మనడంలో అర్థం లేకపోయింది. జీతం కూతురి చేతికి వచ్చింది, దాంతోపాటు ఇంటికి ఎప్పుడు రావాలన్న నిర్ణయం కూడా. బర్మా వైపు వెళ్ళబోయే కుర్రాడికి మూడు ఆదివారాల ప్రకటనలూ, ఊరి చర్చి ఉత్తరమూ పట్టేంత వ్యవధి ఉండేది కాదు. యుద్ధం ముగిశాక కొందరు అమ్మాయిలు భర్తల వెంట ఓడ ఎక్కారు. కొందరికి ఉత్తరాలు వచ్చి, తర్వాత ఆగిపోయాయి. 1948 ఫిబ్రవరి 28న ఆఖరి బ్రిటిష్ పటాలం, సోమర్‌సెట్ లైట్ ఇన్‌ఫెంట్రీ, బొంబాయి గేట్‌వే ఆఫ్ ఇండియా కిందుగా నడిచి ఓడ ఎక్కడంతో తల్లుల పాత భయానికి కారణమే లేకుండా పోయింది.

ఈ లోకాన్ని ప్రపంచం ఎక్కువగా తెలుసుకున్నది జాన్ మాస్టర్స్ 1954లో రాసిన భొవానీ జంక్షన్ నవల వల్ల. ఇంజను డ్రైవరు కూతురు విక్టోరియా జోన్స్ సహాయక దళంలో పనిచేసి ఇంటికి వస్తుంది. ఆమెను ముగ్గురు కోరుకుంటారు, వారిలో ఒకడు బ్రిటిష్ కర్నల్. 1946 నాటి కల్లోలంలో నడిచే ఆ నవల చివర్లో ఆమె కర్నల్‌ను కాదని రైల్వేలో పనిచేసే తనవాడి దగ్గరికే వెళుతుంది. రెండేళ్ళ తర్వాత జార్జి క్యూకర్ ఆవా గార్డ్‌నర్‌తో లాహోరులో తీసిన సినిమాలో ఆ రైల్వేవాడు చనిపోతాడు, కథ ఆమెను కర్నల్ వైపు నడిపిస్తుంది. హాలీవుడ్డుకు సోల్జరు గెలవాలి. లాలాగూడ తల్లులను అడిగి ఉంటే నవల ముగింపుకే ఓటు వేసేవారు.

బ్రిటిష్ సోల్జరు వెళ్ళిపోయాక రైల్వే కాలనీల కుటుంబాలు కూడా పలచబడ్డాయి. చాలామంది ఇంగ్లండుకు, తర్వాత ఆస్ట్రేలియాకు, కెనడాకు వెళ్ళారు. లోక్‌సభలో, శాసనసభల్లో ఆంగ్లో ఇండియన్లను నామినేట్ చేసే ఏర్పాటు 2020 జనవరిలో 104వ రాజ్యాంగ సవరణతో ముగిసింది. దండు మాత్రం అలాగే ఉంది, అందులో ఇప్పుడు మన సైన్యం ఉంది. తెలుగు తల్లికి సోల్జరు అల్లుడి విషయంలో ఉండే భయం కూడా వేరే రూపంలో మిగిలింది. అతను విడిచిపోతాడని కాదు, సరిహద్దులో ఉంటాడని, ఏడాదికి రెండు నెలలే ఇంట్లో కనిపిస్తాడని. ఇంటికో సైనికుడు ఉన్న పశ్చిమ గోదావరి మాధవరం వంటి ఊళ్ళలో ఆ బెంగ అలవాటైపోయి ఉంటుంది. మొదటిసారి మిలట్రీ సంబంధం చూస్తున్న ఇంట్లో తల్లి నిద్రపోదు. సోల్జరుతో పెళ్ళి చేసే తల్లి నేడు అడగవలసిన కాగితం ఒకటుంది. పెళ్ళయ్యాక అతని యూనిట్ నుంచి పార్ట్ టూ ఆర్డరు వెలువడాలి. భార్య పేరు సర్వీసు రికార్డుకు ఎక్కేది దానితోనే. క్యాంటీను కార్డు, వైద్యం, రేపు ఏదైనా జరిగితే పింఛను, అన్నిటికీ అదే మూలం. పటాలం రిజిస్టరులో పేరు ఉందా లేదా అన్న పాత ప్రశ్నకు నేటి పేరు అది.

ఆఫీసర్లు విందులాడిన ఇర్రం మంజిల్ పేరే మోస్తున్న ఎర్రమంజిల్ స్టేషనులో నేడు మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో నాగోలు వైపు బండి మారితే బేగంపేట, ప్యారడైజ్, పరేడ్ గ్రౌండ్ దాటాక మెట్టుగూడ వస్తుంది. లాలాగూడ రైల్వే క్వార్టర్లు అక్కడికి దగ్గరే.